వెతుకులాట – నమోదు: గన్నవరం విమానాశ్రయ ద్వారం, స్టూవర్టుపురం చరిత్ర

విజయవాడకు ఈశాన్యంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి పక్కన గన్నవరం విమానాశ్రయం ఉంది. 2023 నుంచి అక్కడి ప్రవేశద్వారం దగ్గర కాగితం చూపకుండానే లోపలికి వెళ్లే వీలు కలిగింది. డిజియాత్ర అనే ఏర్పాటులో ముందుగా వివరాలు నమోదు చేసుకున్న ప్రయాణికుడి ముఖాన్ని అక్కడి కెమెరా గుర్తుపడుతుంది. ఆ ముఖం టిక్కెట్టు వివరాలతో సరిపోలితే గేటు తెరుచుకుంటుంది. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసి విమానాశ్రయాల్లో మొదలైన ఈ పద్ధతి మరుసటి ఏడాది హైదరాబాదు, కోల్‌కతా, పుణెలతో పాటు విజయవాడకు వచ్చింది. దేశంలో దీనిని మొదట ప్రవేశపెట్టిన ఏడు విమానాశ్రయాల్లో గన్నవరం ఒకటి.

ఈ ఏర్పాటు గురించి సాగే చర్చ సాధారణంగా ఒక తక్కెడను ముందు పెట్టుకొని మొదలవుతుంది. ఒక పళ్లెంలో భద్రత, మరొక పళ్లెంలో గోప్యత. ఎటు ఎంత మొగ్గాలన్నదే ప్రశ్న. ఈ తక్కెడ ఉపమానం మనల్ని కొంత తప్పుదారి పట్టిస్తున్నదని నా అభిప్రాయం. విమానాశ్రయంలో భద్రత పేరుతో జరిగేది ఒకే పని కాదు, రెండు పనులు. ప్రయాణికుడి దగ్గర ఆయుధమో పేలుడు పదార్థమో ఉన్నదేమోనని వెతకడం మొదటిది. ఆ ప్రయాణికుడు ఎవరో తెలుసుకొని రాసిపెట్టుకోవడం రెండవది. మొదటి దానికి వస్తువుతో పని, రెండవ దానికి మనిషితో పని. ఈ రెండూ ఒకే వరుసలో, ఒకే యూనిఫారం ముందు, కొద్ది నిమిషాల తేడాతో జరుగుతాయి. అందువల్ల మన మనస్సులో కలిసిపోయాయి. కాని వాటి చరిత్రలు వేరు, పౌరుడి స్వేచ్ఛకు అవి కలిగించగల హాని వేరు. వెతుకులాట చరిత్ర విమానాల దారిమళ్లింపులతో మొదలవుతుంది. నమోదు చరిత్ర కోసం కృష్ణా డెల్టాలో విమానం కన్నా పాతదైన ఒక ఊరికి వెళ్లవలసి ఉంటుంది. ఆ రెండు చరిత్రలను విడదీసి చూడటం ఈ వ్యాసం చేసే ప్రయత్నం.

వస్తువును వెతకడం

గన్నవరం విమానాశ్రయం రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక అవసరాల కోసం ఏర్పడింది. పౌర విమానయానం తొలి దశాబ్దాల్లో దేశంలో ఎక్కడా ప్రయాణికుడిని ఇప్పటిలా తడిమి చూసే ఆచారం లేదు. 1971 జనవరి 30న శ్రీనగరు నుంచి జమ్ముకు బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఫాకర్ విమానం ‘గంగ’ను లాహోరుకు దారి మళ్లించడంతో పరిస్థితి మారింది. 1978లో పౌర విమానయాన భద్రత కోసం ప్రత్యేక విభాగం ఏర్పడింది. 1982లో విమానాల అపహరణ నిరోధానికి చట్టం వచ్చింది. 1985 జూన్ 23న ‘కనిష్క’ విమానం అట్లాంటిక్ మీద పేలిపోయి 329 మంది మరణించిన తరువాత, 1987 ఏప్రిల్ 1 నుంచి ఆ విభాగం స్వతంత్ర సంస్థగా మారింది. 1999 డిసెంబరులో ఐసీ 814 కాందహారుకు వెళ్లింది. 2000 నుంచి విమానాశ్రయాల కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం చేతికి రావడం మొదలైంది. ప్రతి తనిఖీ వెనుక ఒక దుర్ఘటన ఉంది. ఈ సంగతి మరచిపోయి తనిఖీని కేవలం రాజ్యం చూపే అధికార దాహంగా చిత్రించడం చరిత్రకు న్యాయం చేయదు.

అమెరికాలో 1973 జనవరి నుంచి ప్రయాణికులందరినీ తనిఖీ చేయడం తప్పనిసరి అయింది. అనుమానానికి కారణం లేకుండా పౌరుడిని సోదా చేయవచ్చునా అన్న ప్రశ్న అదే సంవత్సరం అక్కడి అప్పీలు కోర్టు ముందుకు డేవిస్ కేసు రూపంలో వచ్చింది. నేరస్థుడిని పట్టుకోవడానికి కాక విమానంలోకి ఆయుధం వెళ్లకుండా ఆపడానికి జరిగే సోదా గనుక, ఆ ప్రయోజనానికి అవసరమైనంత మేరకే సాగితే, ప్రయాణం మానుకొని వెనుదిరిగే వీలు మనిషికి ఉంటే, అది చెల్లుతుందన్నది ఆ తీర్పు సారం. ఇందులో ఒక కీలకమైన ఊహ దాగి ఉంది. ఈ సోదాకు మనిషి పేరుతో పని లేదు. ఎక్స్‌రే యంత్రం సంచి ఎవరిదని అడగదు. మెటల్ డిటెక్టరు కులం, ఊరు, పూర్వచరిత్ర చూడదు. సోదా ముగిసిన క్షణాన అది మిగిల్చే జ్ఞాపకం కూడా దాదాపు ఏమీ ఉండదు. కత్తి లేదని తేలితే ఆ సంగతి అక్కడితో సమాప్తం.

అయినంత మాత్రాన వెతుకులాట మనిషిని గాయపరచదని కాదు. తెలుగు ప్రేక్షకులకు ‘మయూరి’ (1985) ద్వారా చిరపరిచితురాలైన సుధాచంద్రన్ 2021 అక్టోబరులో ఒక వీడియో విడుదల చేశారు. విమానాశ్రయానికి వెళ్లిన ప్రతిసారీ కృత్రిమ పాదాన్ని విప్పి చూపమంటున్నారని, వృద్ధులకు ఇచ్చే కార్డు వంటిది తమలాంటివారికీ ఇప్పించాలని ఆమె ప్రధానమంత్రిని కోరారు. భద్రతా దళం క్షమాపణ చెప్పింది. ప్రమాదంలో కాలు పోగొట్టుకొని, మళ్లీ నాట్యం చేసి, ఆ కథనే తెరమీద తానే అభినయించిన స్త్రీకి, ఆ కాలును పదేపదే అపరిచితుల ముందు విప్పవలసి రావడం ఎంత బాధో వేరుగా చెప్పనక్కరలేదు. స్త్రీలను స్త్రీలే, తెర చాటున తనిఖీ చేయాలన్న నియమం, శరీర ఆకృతిని చూపకుండా బొమ్మగీత మీద గుర్తు పెట్టే స్కానర్లు ఈ రకమైన బాధను తగ్గించే ప్రయత్నాలే. అంటే వెతుకులాట కలిగించే హాని ప్రధానంగా మర్యాదకు సంబంధించింది. దానికి పరిష్కారాలు ఉన్నాయి, అవి కనిపెట్టదగినవే.

ఇక్కడ మరొక విషయం చెప్పుకోవాలి. తనిఖీ నుంచి మినహాయింపు పొందిన ఉన్నత పదవుల జాబితా ఒకటి మన దేశంలో ఉంది. మాజీ రాష్ట్రపతులకు అందులో చోటున్నా, 2009 ఏప్రిల్‌లో ఢిల్లీ విమానాశ్రయంలో ఒక అమెరికన్ విమాన సంస్థ సిబ్బంది అబ్దుల్ కలాంను తనిఖీ చేశారు. ఆ సంగతి బయటపడినప్పుడు పార్లమెంటులో ఆగ్రహం వెల్లువెత్తింది. కలాం మాత్రం దానిపై గొడవ చేయలేదు. ఆ రోజున సభలో వినిపించిన ఆగ్రహాన్ని ఇప్పుడు తలచుకుంటే కొంత ఆశ్చర్యం కలుగుతుంది. వెతుకులాట పౌరులకు ఆమోదయోగ్యం కావడానికి అది అందరికీ సమానం కావడమే పెద్ద కారణం. అతిథి ఎంత గొప్పవాడైతే అంత తక్కువ వెతకాలనే సంప్రదాయం ఆ కారణాన్నే బలహీనపరుస్తుంది.

మనిషిని నమోదు చేయడం

బాపట్ల, వేటపాలెం మధ్య, రైలు మార్గం పక్కన స్టూవర్టుపురం ఉంది. మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరుతో వెలసిన ఊరు అది. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో కొత్త రూపంలో మద్రాసు రాజధానికి విస్తరించింది. ఆ మీదట, 1913 ప్రాంతంలో, ఎరుకల కుటుంబాల కోసం సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో అక్కడ సెటిల్‌మెంటు ఏర్పడింది. బెజవాడకు ఎదురుగా, కృష్ణ ఆవలి ఒడ్డున సీతానగరంలోనూ అదే సంస్థ మరొక సెటిల్‌మెంటు నడిపింది. గన్నవరం వెళ్లే ప్రయాణికుడు గుంటూరు వైపు నుంచి వస్తే ఈనాటికీ ఆ ఒడ్డు మీదుగానే నది దాటతాడు.

ఎరుకల వారు ఎవరు? తీరం నుంచి ఉప్పును లోపలి ప్రాంతాలకు, అక్కడి ధాన్యాన్ని తీరానికి పశువుల మీద మోసి అమ్మిన సంచార వర్తకులు వారిలో ఎందరో ఉన్నారు. బుట్టలు అల్లినవారు, సోది చెప్పినవారు ఉన్నారు. ఉప్పు మీద సర్కారు పెత్తనం బిగిసి, రైళ్లు వచ్చి సరుకు రవాణా మారిపోయిన తరువాత వారి వర్తకం కూలిపోయింది. ఈ క్రమాన్ని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథంలో విపులంగా చర్చించారు. బ్రతుకుతెరువు పోయి తిరుగుతున్న మనిషి వలస పాలకుల దృష్టిలో నేరస్థుడయ్యాడు. స్థిరనివాసం లేకపోవడమే అనుమానానికి ఆధారమైంది. మరొక విధంగా చెప్పాలంటే, ప్రయాణమే నేరానికి చిహ్నమైంది.

1911 చట్టం పనిచేసిన తీరును గమనిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. అది వస్తువును వెతికే చట్టం కాదు. దొంగసొత్తు దొరికిందా లేదా అన్నది దానికి ప్రధానం కాదు. ప్రభుత్వం ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటిస్తుంది. ఆ ప్రకటనను న్యాయస్థానం ప్రశ్నించడానికి వీలులేదు. జిల్లా అధికారి తెగ సభ్యుల పేర్లతో రిజిస్టరు తయారు చేయిస్తాడు. నమోదైనవారి వేలిముద్రలు తీసుకోవచ్చు. నిర్ణీత వేళల్లో హాజరు చెప్పాలని, నివాసం మారితే తెలియజేయాలని శాసించవచ్చు. తిరిగే ప్రాంతానికి హద్దు గీయవచ్చు, సెటిల్‌మెంటులో ఉంచవచ్చు, పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక పాఠశాలలకు పంపవచ్చు. హద్దు దాటాలంటే పాసు కావాలి. ఎవరూ ఏ నేరమూ రుజువు చేయనక్కరలేదు. పుస్తకంలో పేరుంటే చాలు.

సెటిల్‌మెంటు ఉద్దేశం సంస్కరణ అని నిర్వాహకులు నమ్మారు. ఆ నమ్మకంలో నిజాయితీ లేదనడానికి నేను సాహసించను. బడి, వైద్యం, కొంత సేద్యపు భూమి అక్కడికి వచ్చాయి. కాని రిజిస్టరుకు మరో ఉపయోగమూ క్రమంగా దొరికింది. చీరాలలో పొగాకు కంపెనీ ఫ్యాక్టరీకి స్టూవర్టుపురం వాసులు కూలీలయ్యారు. పాసు లేకుండా కదలలేని మనిషి కూలి నచ్చకపోతే పని మాని మరో ఊరు వెళ్లలేడు. నేరం ఆపడానికని రాసిన పుస్తకం ఆ విధంగా శ్రమను కట్టిపడేసే పుస్తకం కూడా అయింది. ఒక ప్రయోజనం కోసం తయారైన జాబితా మరొక ప్రయోజనానికి జారిపోవడం గురించి ఈ రోజుల్లో సమాచార నిపుణులు చాలా మాట్లాడుతున్నారు. డెల్టాలో అది నూరేళ్ల క్రితపు అనుభవం.

రిజిస్టరు తెరవడం ఎంత సులభమో మూయడం అంత కష్టమయింది. స్వాతంత్ర్యం వచ్చిన తరుణంలో మద్రాసు రాష్ట్రం చట్టాన్ని తొలగించింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. విముక్త జాతులు ఇప్పటికీ ఆ దినాన్ని విముక్తి దినంగా జరుపుకుంటారు. అయితే మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్థుల నియంత్రణ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1962లో తనదైన అలవాటు నేరస్థుల చట్టం చేసుకుంది. తెగ స్థానంలో వ్యక్తి వచ్చాడు, నమోదు అనే పద్ధతి మాత్రం కొనసాగింది. 2024 అక్టోబరు 3న జైళ్లలో కుల వివక్షపై ఇచ్చిన తీర్పులో కూడా సుప్రీంకోర్టు విముక్త జాతులను ఈ ముద్ర ఎలా వెంటాడుతున్నదో చర్చించవలసి వచ్చింది.

చట్టం పోయినా పేరు పోలేదు. 1970లలో విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, జాషువా కుమార్తె హేమలతా లవణం స్టూవర్టుపురంలో ఏళ్ల తరబడి పనిచేసి ఎన్నో కుటుంబాలకు కొత్త దారి చూపారు. అయినా 1991లో ఆ ఊరి పేరుతో రెండు సినిమాలు వచ్చాయి. 2023 అక్టోబరులో ఆ ఊరి దొంగ కథగా ఇంకొకటి వచ్చింది. గన్నవరంలో ముఖమే పాసుగా మారిన సంవత్సరమూ అదే. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం లేదు. కాని పాత రిజిస్టరులో పడిన ఒక పేరు మూడు తరాల తరువాత కూడా టిక్కెట్లు అమ్మగలుగుతున్నదంటే నమోదుకు ఉన్న ఆయుర్దాయం ఎంతో తెలుస్తుంది.

ఐచ్ఛికమనే మాట

ఈ పోలిక అతిశయమని వెంటనే అభ్యంతరం రావచ్చు. అభ్యంతరం సహేతుకమే. స్టూవర్టుపురం వాసిని బలవంతంగా నమోదు చేశారు. డిజియాత్ర ప్రయాణికుడు వరుసలో నిలబడే సమయం ఆదా చేసుకోవడానికి తనంతట తానే ఫోనులో వివరాలు నింపుతాడు. మొదటివాడు నిరుపేద, రెండవవాడు విమానం టిక్కెట్టు కొనగలిగినవాడు. బాధల మధ్య పోలిక తేవడం నా ఉద్దేశం కాదు, అది అనుచితం కూడా. పోల్చదలచింది పద్ధతిని మాత్రమే. ఐచ్ఛికం, నిర్బంధం అనే భేదమే ఈ చర్చకు కీలకం. ఆ భేదం చరిత్రలో ఒకసారి చాలా తీవ్రంగా పరీక్షకు నిలిచింది.

1906లో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం ఆసియావాసులందరూ వేలిముద్రలిచ్చి నమోదు కావాలని శాసనం తలపెట్టింది. సెప్టెంబరు 11న జొహాన్నెస్‌బర్గులో జరిగిన సభలో భారతీయులు దానికి లొంగబోమని ప్రతిజ్ఞ చేశారు. సత్యాగ్రహం పుట్టింది అక్కడే. అయితే 1908 జనవరిలో, స్వచ్ఛందంగా నమోదైతే నిర్బంధ చట్టాన్ని రద్దు చేస్తామన్న అవగాహన మీద గాంధీ నమోదుకు అంగీకరించారు. తానే ముందుగా వేలిముద్రలివ్వడానికి బయలుదేరి, ఫిబ్రవరి 10న దారిలో సహచరుడి చేతిలోనే దెబ్బలు తిన్నారు. ఆయన దృష్టిలో అవమానం వేలిముద్రలో లేదు, నిర్బంధంలో ఉంది. ఇష్టపూర్వకంగా ఇస్తే అదే ముద్ర గౌరవచిహ్నం కాగలదని ఆయన వాదించారు. ప్రభుత్వం చట్టాన్ని రద్దు చేయలేదు. ఆగస్టు 16న భారతీయులు తమ నమోదు పత్రాలను ఒక పెద్ద కాగులో వేసి తగలబెట్టారు.

కాగితం గనుక కాల్చగలిగారు. పత్రం కాలినా ప్రభుత్వం దగ్గర రిజిస్టరు మిగిలే ఉన్నదన్నది ఈ ఘటన గురించి మనం అంతగా తలచుకోని సంగతి. స్వచ్ఛందంగా ఇచ్చినదాన్ని స్వచ్ఛందంగా వెనక్కు తీసుకోగలిగే శక్తి ఉన్నప్పుడే ఐచ్ఛికమనే మాటకు అర్థం నిండుతుంది.

బాపట్ల నుంచి పెదముత్తేవి దాకా

నమోదు, నిఘాల మీద భారత న్యాయస్థానాలు చేసిన ఆలోచనలో తెలుగు నేల పాలు చిన్నది కాదు. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు యౌవనంలో కొద్దికాలం బాపట్లలో జిల్లా మున్సిఫుగా పనిచేశారు. స్టూవర్టుపురానికి బాపట్ల కూతవేటు దూరం. ఆ సామీప్యం నుంచి పెద్ద నిర్ధారణలు లాగనక్కరలేదు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు ఆయనే తొలి ప్రధాన న్యాయమూర్తి. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఖరక్ సింగ్ కేసులో ఆయన రాసిన భిన్నాభిప్రాయం మన చర్చకు మూలస్తంభం వంటిది.

ఖరక్ సింగ్ ఉత్తరప్రదేశ్‌కు చెందినవాడు. దోపిడీ కేసులో అరెస్టయి, సాక్ష్యం లేక విడుదలయ్యాడు. అయినా పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరిచారు. రాత్రిపూట ఇంటికి వచ్చి తలుపు తట్టేవారు, ఊరు దాటితే ఎక్కడికెళ్లాడో ఆరా తీసేవారు. రాత్రి పూట ఇంటి తనిఖీ చెల్లదని ధర్మాసనం ఏకగ్రీవంగానే తేల్చింది. కాని దూరం నుంచి కనిపెట్టడంలో తప్పులేదని, గోప్యత ప్రాథమిక హక్కు కాదని మెజారిటీ అభిప్రాయపడింది. సుబ్బారావు, జె.సి. షా ఒప్పుకోలేదు. కంచె లేనంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నాడనుకోవడం పొరపాటన్నది సుబ్బారావు వాదన. తనను ఒక కన్ను నిరంతరం వెన్నాడుతున్నదని తెలిసిన మనిషి అడుగు తీసి అడుగు వేయడంలోనే అణకువ చేరుతుంది. ఆ మానసిక నిర్బంధం కూడా నిర్బంధమే. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగం. 1967 ఏప్రిల్‌లో, ప్రధాన న్యాయమూర్తి పదవిని వదిలే ముందు, సత్వంత్ సింగ్ కేసులో విదేశీ ప్రయాణం చేసే హక్కు వ్యక్తి స్వేచ్ఛలో భాగమని మెజారిటీ తరఫున తీర్పు రాసిందీ ఆయనే. చట్టం లేకుండా, అధికారి ఇష్టాన్ని బట్టి పాస్‌పోర్టు నిరాకరించడం చెల్లదన్నారు. పార్లమెంటు ఆ ఏడాదే పాస్‌పోర్టు చట్టం చేయవలసి వచ్చింది. ప్రయాణం, నిఘా అనే రెండు విషయాలనూ ఒకే స్వేచ్ఛ కింద చూసిన న్యాయమూర్తిగా ఆయన్ను మనం ఇంకా తగినంతగా చదువుకోలేదు.

ఆంధ్రప్రదేశ్‌కే చెందిన మరొక వివాదం దీని తరువాతి మెట్టు. స్టాంపుల చట్టానికి రాష్ట్రం 1986లో చేసిన సవరణ వల్ల, కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకులోకి వెళ్లి ఖాతాదారుల పత్రాలు పరిశీలించి స్వాధీనం చేసుకునే వీలు ఏర్పడింది. హైకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారుకూ కెనరా బ్యాంకుకూ మధ్య సాగిన ఆ కేసులో 2004 నవంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును సమర్థించింది. గోప్యత స్థలానికి కాక మనిషికి చెందుతుందన్నది అందులో తేలిన విషయం. కాగితాన్ని బ్యాంకుకు అప్పగించినంత మాత్రాన ఖాతాదారుడు దాని మీద తన హక్కును వదులుకున్నట్టు కాదు. ఈ సూత్రాన్ని గన్నవరానికి తెస్తే, తన ముఖచిత్రాన్ని ఒక సంస్థ చేతికిచ్చిన ప్రయాణికుడికీ అది వర్తించాలి.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. ఖరక్ సింగ్ కేసులో మెజారిటీ అభిప్రాయాన్ని పక్కన పెట్టి సుబ్బారావు మార్గమే సరైనదన్నది. ఆ ధర్మాసనంలో జాస్తి చలమేశ్వర్ ఉన్నారు. కృష్ణా జిల్లా మొవ్వ ప్రాంతంలోని పెదముత్తేవి ఆయన స్వగ్రామం. 2015లో ఈ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి నివేదించిన ముగ్గురు సభ్యుల ధర్మాసనానికి నాయకత్వం వహించిందీ ఆయనే. తన ప్రత్యేక అభిప్రాయంలో ఆయన గోప్యతను మూడు పాయలుగా చూశారు: అనవసరమైన జోక్యం లేని ప్రశాంతత, పరుల కన్ను పడని ఆశ్రయం, సొంత జీవితపు నిర్ణయాలు తానే తీసుకునే స్వేచ్ఛ. వెతుకులాట తాకేది మొదటి దానిని, అదీ కొద్ది నిమిషాల పాటు. నమోదు తాకేది రెండవ దానిని, కొన్నిసార్లు మూడవ దానిని కూడా. గోప్యతకు పరిమితి పెట్టాలంటే చట్టం ఉండాలని, న్యాయమైన ప్రయోజనం ఉండాలని, ఆ ప్రయోజనానికి తగిన పాళ్లలోనే పరిమితి ఉండాలని ఆ తీర్పు చెప్పింది.

మళ్లీ గన్నవరం

ఇప్పుడు ఆ గేటు దగ్గరకు వద్దాం. డిజియాత్ర గేటు ఆయుధాన్ని వెతకదు. ముఖం చూపి లోపలికి వెళ్లిన తరువాత కూడా సంచి ఎక్స్‌రే యంత్రంలోకి వెళ్లవలసిందే, మనిషి చేతులు చాచి నిలబడవలసిందే. కాబట్టి ఈ గేటు భద్రతకు కొత్తగా చేర్చేది వెతుకులాట కాదు, గుర్తింపు. ఇంతకుముందు కాపలాదారు కార్డు వైపు, ముఖం వైపు చూసి పంపేవాడు. ఆ చూపు అతనితోనే పోయేది. ఇప్పుడు ఆ చూపు స్థానంలో ఆధార్‌తో సరిచూసిన ముఖచిత్రం, ప్రయాణ వివరాలు వచ్చాయి.

నిర్వాహకులు చెప్పే రక్షణలు తేలికైనవి కావు. ముఖచిత్రం ప్రయాణికుడి ఫోనులోనే ఉంటుందని, ప్రయాణానికి ముందు ఆ విమానాశ్రయానికి మాత్రమే చేరుతుందని, విమానం బయలుదేరిన 24 గంటల్లో అక్కడి నుంచి తొలగిపోతుందని వారంటున్నారు. ఎరుకల వారి రిజిస్టరుకు ఇటువంటి గడువు ఏనాడూ లేదు. మన దేశంలోనే 2022లో వచ్చిన నేర ప్రక్రియ (గుర్తింపు) చట్టం కింద అరెస్టయినవారి కొలతలు, కనుపాప గుర్తులు 75 సంవత్సరాలు నిలవుంటాయి. దానితో పోలిస్తే 24 గంటలు ఎంతో నయం.

చిక్కు వేరే చోట ఉంది. భద్రతా అవసరాన్ని బట్టి తొలగింపు గడువును మార్చుకునే వీలు, భద్రతా సంస్థలు సమాచారం పొందే వీలు ఈ పథకపు విధాన పత్రంలోనే ఉన్నాయి. అది విధాన పత్రం, పార్లమెంటు చేసిన శాసనం కాదు. ప్రయాణికుడిని తడిమి చూడటానికి విమాన భద్రతా నియమాల ఆధారం ఉంది. ముఖం నమోదు చేసే పద్ధతికి అటువంటి ప్రత్యేక చట్టం లేదు. 1911లో చట్టమైతే ఉంది, న్యాయస్థానానికి తలుపు మూశారు. ఇప్పుడు న్యాయస్థానపు తలుపు తెరిచే ఉంది, చట్టమే రాలేదు. నిర్వహణ చేసే డిజియాత్ర ఫౌండేషన్ 2019లో లాభాపేక్ష లేని కంపెనీగా ఏర్పడింది. అందులో విమానాశ్రయాల ప్రాధికార సంస్థ వాటా 26 శాతం. బెంగళూరు, ఢిల్లీ, హైదరాబాదు, ముంబయి, కొచ్చిన్ విమానాశ్రయ సంస్థలకు తలా 14.8 శాతం. ప్రభుత్వానిది మెజారిటీ వాటా కాదు గనుక సమాచార హక్కు చట్టం కింద దానిని ప్రశ్నించడం కష్టం. గన్నవరం విమానాశ్రయం ప్రభుత్వానిదే. అక్కడి గేటు దగ్గర ముఖం అడిగే సంస్థ మాత్రం పూర్తిగా ప్రభుత్వానిది కాదు. ఈ మెలికను సామాన్య ప్రయాణికుడు ఎలా తెలుసుకుంటాడు?

ఐచ్ఛికం సంగతీ చూడాలి. 2024 ఆరంభంలో దేశంలోని కొన్ని విమానాశ్రయాల్లో ఏమీ వివరించకుండానే ప్రవేశద్వారం దగ్గర తమ ఫొటోలు తీసి నమోదు చేస్తున్నారని ప్రయాణికుల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. ఇది పూర్తిగా ఐచ్ఛికమేనని పౌర విమానయాన శాఖ స్పష్టం చేసింది. అదే హామీని ఆ శాఖ తరువాత కూడా పలుమార్లు ఇచ్చింది. హామీని శంకించడం లేదు. కాని నమోదైనవారి వరుస చకచకా సాగుతూ, నమోదు కానివారికి మిగిలిన గేట్లు తగ్గుతూ పోతే, ఎవరూ బలవంతపెట్టకుండానే ఐచ్ఛికం అరిగిపోతుంది. కొంతకాలానికి ముఖం చూపని మనిషే ప్రత్యేకంగా కనిపిస్తాడు, ఎందుకు చూపడం లేదన్న ప్రశ్న కాపలాదారు మనస్సులో కదులుతుంది. సంచారజీవిని అతని సంచారమే అనుమానితుడిని చేసినట్టు, నమోదు కాకపోవడమే ఒక గుర్తు అవుతుంది.

విమానాశ్రయం వెలుపల ఇది అప్పుడే ఊహ స్థాయిని దాటింది. 2021లో హైదరాబాదులో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు దారిలో ఆపి, మాస్కు తీయమని ఫొటో తీసుకున్నారు. ఏ చట్టం కింద తీశారని ఆయన వేసిన ప్రశ్న తెలంగాణ హైకోర్టు ముందుకు వెళ్లింది. గేటు దగ్గర ఇష్టపడి ముఖం చూపడం అలవాటైన సమాజంలో వీధిలో ముఖం చూపమన్నప్పుడు కాదనడం కష్టమవుతుంది.

కాబట్టి గన్నవరంలో అడగవలసింది తనిఖీ తగ్గించమని కాదు. సంచులను, కావలిస్తే ఇంకా శ్రద్ధగా, అందరివీ సమానంగా వెతకవచ్చు. నమోదు విషయంలో అడగవలసినవి వేరు. ముఖచిత్రం తీసే అధికారానికీ, తొలగించే గడువుకూ శాసనం ఆధారం కావాలి. గడువు మార్చితే ఆ సంగతి ప్రయాణికుడికి తెలియాలి. నిర్వహించే సంస్థ సమాచార హక్కు చట్టం కిందికి రావాలి. నమోదు కానివారి గేటు, నమోదైనవారి గేటు పక్కనే, అదే వెడల్పుతో, తగినంతమంది సిబ్బందితో ఉండాలి. చివరిది చిన్న కోరికలా కనిపించవచ్చు. స్టూవర్టుపురంలో పాసు లేకుండా ఊరు దాటే దారి లేదు. గన్నవరంలో ఆ దారి ఇంకా ఉంది. టిక్కెట్టు, గుర్తింపు కార్డు చేతిలో పట్టుకొని, ఫోను జేబులోనే ఉంచుకొని, రోజూ కొందరు ఆ దారినే లోపలికి వెళుతున్నారు.